అంగారకుడి మీద కంప్యూటరు పదే పదే ఎందుకు రీసెట్ అయింది?

1997 జూలై 4న పాత్‌ఫైండర్ అనే నౌక అంగారకుడి మీద దిగింది. దిగడం అంటే నెమ్మదిగా కాళ్ళు ఆనించడం కాదు. చుట్టూ గాలి సంచులు ఉబ్బించుకుని, బంతిలా నేలకు తగిలి, కనీసం పదిహేనుసార్లు ఎగిరెగిరి పడి ఆగింది. తర్వాత సంచుల్లో గాలి తీసేసి, పువ్వు రేకులు విచ్చుకున్నట్టు పలకలు తెరుచుకుంది. లోపలి నుంచి సోజర్నర్ అనే ఆరు చక్రాల చిన్న బండి దిగి రాళ్ళ మధ్య తిరగడం మొదలుపెట్టింది. ఆ ఫొటోలు చూసి ప్రపంచమంతా మురిసిపోయింది. అప్పటికి మనమెవరం పుట్టలేదు కాబట్టి ఈ ముచ్చట మనకు అమ్మానాన్నలు చెప్పాల్సిందే.

కొద్ది రోజులకే చిక్కు వచ్చిపడింది. నౌకలోని కంప్యూటరు ఉన్నట్టుండి తనంతట తానే రీసెట్ అయింది. మళ్ళీ లేచి పని అందుకుంది. కొంతకాలానికి మళ్ళీ అలాగే అయింది. అప్పటికే కొలిచి దాచుకున్న సమాచారం పోలేదు కానీ, రీసెట్ అయిన ప్రతిసారీ ఆ రోజుకు అప్పజెప్పిన మిగతా పనులు ఆగిపోయి మర్నాటికి వాయిదా పడేవి. ఆ ల్యాండర్‌కు మొదట అనుకున్న ఆయుష్షే నెల రోజులు. అలాంటి నౌకకు ఒక రోజు పోవడమంటే చిన్న నష్టం కాదు. కంప్యూటరు ఒకేసారి చాలా పనులు చేయబోయి తట్టుకోలేకపోయిందని పత్రికలు రాశాయి. అది పూర్తిగా నిజం కాదు.

మన ఇంట్లో కంప్యూటరు మొండికేస్తే దాని ముందు కూర్చుని తెర చూస్తాం, మీటలు నొక్కుతాం, ఏం తోచకపోతే స్విచ్ తీసి వేస్తాం. పాత్‌ఫైండర్ ముందు కూర్చునే మనిషి లేడు. అది దాదాపు 19 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది. ఇక్కడి నుంచి ఒక రేడియో సంకేతం అక్కడికి చేరడానికే పది నిమిషాలకు పైగా పట్టేది. పైగా రీసెట్ అయ్యాక కంప్యూటరు కొత్తగా నిద్ర లేచినట్టు ఉంటుంది. 'ఇందాక నీకేమైంది?' అని అడిగితే చెప్పగలిగే స్థితిలో ఉండదు. మరి కారణం ఎలా దొరికింది? కంప్యూటరు లోపలే కూర్చుని, జరిగినదల్లా క్షణక్షణం రాసుకునే ఒక గుమాస్తా వల్ల దొరికింది. మేము ఈ వ్యాసంలో చెప్పబోయేది ఆ గుమాస్తా గురించే. దాన్ని కెర్నెల్ లాగ్ అంటారు.

ముందు కొంచెం నేపథ్యం. మనం టేబుల్ మీద పెట్టుకునే కంప్యూటరు కాకుండా, మరో యంత్రం లోపల దాక్కుని దాన్ని నడిపించే కంప్యూటరును ఎంబెడెడ్ కంప్యూటరు అంటారు. వాషింగ్ మెషీన్‌లో ఉంటుంది, కారు బ్రేకుల్లో ఉంటుంది, ఈసీజీ తీసే యంత్రంలో ఉంటుంది. వీటిలో కొన్నిటికి లెక్క సరిగ్గా చేస్తే చాలదు, సమయానికి చేయాలి. కారు గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగ్ తెరవాలన్న నిర్ణయం ఒక సెకను ఆలస్యంగా వస్తే అది ఎంత సరైన నిర్ణయమైనా ఎవరికీ పనికిరాదు. అలా గడువు తప్పకుండా పని చేయించే వ్యవస్థను రియల్ టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. పాత్‌ఫైండర్‌లో ఉన్నది విండ్ రివర్ అనే సంస్థ తయారుచేసిన వీఎక్స్‌వర్క్స్. ప్రాసెసర్ వేగం 20 మెగాహెర్ట్జ్, మెమరీ 128 మెగాబైట్లు. ఈ రోజు మీ జేబులో ఉన్న ఫోను ముందు అది ఏ మూలకూ రాదు.

ఆపరేటింగ్ సిస్టమ్ నడిబొడ్డున ఉండే భాగం కెర్నెల్. ప్రాసెసర్ ఒక్కటే, పనులు ఎన్నో. ఏ పనికి ఎప్పుడు ప్రాసెసర్ ఇవ్వాలో కెర్నెల్ నిర్ణయిస్తుంది. ఒక్కొక్క పనిని టాస్కు అంటారు. ప్రతి టాస్కుకూ ఒక ప్రాధాన్యం ఉంటుంది. తక్కువ ప్రాధాన్యం ఉన్న టాస్కు నడుస్తుండగా ఎక్కువ ప్రాధాన్యం ఉన్నది సిద్ధమైందంటే, కెర్నెల్ మొదటిదాన్ని ఉన్నచోటే ఆపేసి రెండోదాన్ని ఎక్కిస్తుంది. వాక్యం మధ్యలో ఆపినట్టు ఆపేస్తుంది. ఆగినదానికి తాను ఆగానన్న సంగతి కూడా తెలియదు. మళ్ళీ వంతు వచ్చినప్పుడు ఏమీ జరగనట్టే ముందుకు సాగుతుంది.

ఈ ఆఖరి మాట ముఖ్యమైనది. నిద్రపోయేవాడు తనకు నిద్ర పట్టిన క్షణాన్ని డైరీలో రాసుకోలేడు. అలాగే ఒక టాస్కు తనను ఎప్పుడు ఆపారో, ఎవరి కోసం ఆపారో, ఎంతసేపు ఆపారో తాను రాసుకోలేదు. రాయగలిగేది కెర్నెల్ ఒక్కటే, ఎందుకంటే ఆపేదీ ఎక్కించేదీ అదే. అందుకే లాగ్ కెర్నెల్ లోపల ఉండాలి. ఏ టాస్కు దిగింది, ఏది ఎక్కింది, ఎవరు ఏ తాళం తీసుకున్నారు, ఎవరు దాని కోసం ఎదురుచూస్తున్నారు, ఏ ఇంటరప్ట్ వచ్చింది, ఎప్పుడు ముగిసింది: ఇవన్నీ కెర్నెల్ చేతుల మీదుగానే జరుగుతాయి. జరిగినప్పుడల్లా ఒక చిన్న గుర్తు వేసుకుంటే చాలు.

ఇందులో కష్టమేముంది, ఒక ప్రింట్ వాక్యం పెడితే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. మాకూ అలాగే అనిపించింది. మా అనుభవం చెప్పి మళ్ళీ అంగారకుడి దగ్గరికి వెళ్తాం.

మేము పదకొండో తరగతిలో కంప్యూటర్ సైన్సు తీసుకున్న ఆరుగురం. పోయిన ఏడాది ల్యాబులో ఒక చిన్న బండి చేశాం. ఎదురుగా గోడ వస్తే అది తనంతట తాను ఆగాలి. ముందు భాగంలో దూరం కొలిచే సెన్సరు, పైన అంకెలు చూపించే చిన్న డిస్‌ప్లే, లోపల ఈఎస్‌పీ32 బోర్డు, దానిలో ఫ్రీఆర్‌టీఓఎస్ అనే చిన్న రియల్ టైమ్ కెర్నెల్. బండి పదిసార్లలో తొమ్మిదిసార్లు చక్కగా ఆగేది. పదోసారి వెళ్ళి గోడను గుద్దేది. ఎందుకో కనుక్కుందామని ప్రోగ్రాములో అక్కడక్కడ ప్రింట్ వాక్యాలు పెట్టాం. వెంటనే బండి గుద్దడం మానేసింది! సంతోషించి ప్రింట్ వాక్యాలు తీసేశాం. మళ్ళీ గుద్దింది. ఇలా మూడు రోజులు గడిచాయి. సైన్సు ప్రదర్శన దగ్గర పడుతోంది. ప్రింట్ వాక్యాలు ఉంచేసి ప్రదర్శనకు పెట్టేద్దామని మాలో కొందరన్నారు. మా సార్ ఒప్పుకోలేదు. అలా పెడితే అది ఎందుకు ఆగుతోందో మీకే తెలియని బండిని పదిమందికి చూపించినట్టు అవుతుందన్నారు.

ఆయన బోర్డు మీద ఒక లెక్క వేయించారు. మేము వాడిన సీరియల్ లైను వేగం సెకనుకు 9600 బిట్లు. ఒక అక్షరం పంపడానికి ముందూ వెనకా గుర్తులు కలిపి 10 బిట్లు కావాలి. అంటే సెకనుకు 960 అక్షరాలు. 40 అక్షరాల ఒక వాక్యం పోవడానికి దాదాపు 42 మిల్లీసెకన్లు పడుతుంది. మనకు అది కంటి రెప్పపాటు కూడా కాదు. సెకనులో ఎన్నోసార్లు దూరం కొలవాల్సిన బండికి అది యుగం. మేము ప్రింట్ పెట్టి బండిని చూడటం లేదు, బండి నడకనే మారుస్తున్నాం. డాక్టరు గారి గది ముందు కూర్చుంటే దగ్గు ఆగిపోయినట్టన్నమాట.

అందుకే కెర్నెల్ లాగ్ వాక్యాలు రాయదు, అంకెలు రాస్తుంది. ఒక సంఘటన జరిగితే మెమరీలో ఒక చిన్న నమోదు: గడియారంలో ఎంతయింది, సంఘటన నంబరు ఎంత, టాస్కు నంబరు ఎంత, ఏ వస్తువు గురించి. అంతా కలిపి 16 బైట్లు అనుకోండి. 'టాస్కు మారింది' అన్న వాక్యం ఎక్కడా ఉండదు, 3 అన్న అంకె ఉంటుంది. 3 అంటే ఏమిటో తర్వాత తీరిగ్గా మన కంప్యూటరులో అర్థం చెప్పుకోవచ్చు. మెమరీలో నాలుగు అంకెలు పెట్టడం మైక్రోసెకన్లలో అయిపోతుంది. అంతేకాదు, ఆ గుమాస్తా ఎవరి కోసమూ ఆగకూడదు. తాళం అడగకూడదు, వంతు కోసం చూడకూడదు, డిస్కులోకి రాసేదాకా నిలబడకూడదు. రాసుకునేవాడే ట్రాఫిక్‌కు అడ్డం పడితే రాసుకున్న దానికి విలువ ఉండదు.

మరో చిక్కు, చోటు. రాస్తూ పోతే మెమరీ నిండిపోతుంది. దీనికి రింగ్ బఫర్ అనే పాత ఉపాయం ఉంది. గుండ్రంగా కుట్టిన నోటు పుస్తకం ఊహించుకోండి. ఆఖరి పేజీ తర్వాత మళ్ళీ మొదటి పేజీ వస్తుంది. అక్కడున్న పాత రాత మీదే కొత్తది రాస్తూ పోతాం. 64 కిలోబైట్ల బఫర్‌లో 16 బైట్ల నమోదులు 4096 పడతాయి. సెకనుకు 2000 సంఘటనలు జరిగితే మన చేతిలో ఎప్పుడూ గడిచిన రెండు సెకన్ల చరిత్ర ఉంటుంది. రెండు సెకన్లేనా అనకండి. విమానాల్లో కాక్‌పిట్ మాటలు రికార్డు చేసే పెట్టె కూడా పాతవి చెరిపేస్తూ ఆఖరి భాగాన్నే ఉంచుకుంటుంది. మనకు కావలసింది ప్రమాదానికి ముందు జరిగినదే కదా.

కానీ ఒక షరతు ఉంది. ప్రమాదం జరిగిన వెంటనే రాయడం ఆపేయాలి. ఆపకపోతే ఆ తర్వాతి మామూలు సంఘటనలు వచ్చి అసలైన రెండు సెకన్లను చెరిపేస్తాయి. ఎక్కడ ఆపాలో ముందే ఆలోచించి పెట్టుకోవడం ఈ విద్యలో సగం.

ఇప్పుడు పాత్‌ఫైండర్ దగ్గరికి వెళ్దాం. దాని లోపల వాతావరణ పరికరాలు, ప్రయాణంలో దారి చూపిన పరికరాలు ప్రధాన కంప్యూటరుతో బస్ అనే తీగల దారి మీదుగా మాట్లాడుకునేవి. ఈ బస్‌కీ మనం స్కూలుకెళ్ళే బస్సుకీ పోలిక లేకపోలేదు, రెండూ టైం టేబుల్ ప్రకారమే నడుస్తాయి. అక్కడి టైం టేబుల్ సెకనుకు ఎనిమిది ట్రిప్పులు, అంటే ఒక్కొక్కటి 125 మిల్లీసెకన్లు. ఈ ట్రిప్పులను ఇద్దరు చూసుకునేవారు. వాళ్ళకు మనం పేర్లు పెట్టుకుందాం. ఒకరు షెడ్యూలర్, వచ్చే ట్రిప్పులో ఎవరు మాట్లాడాలో నిర్ణయించే టాస్కు. మరొకరు పంపకందారు, వచ్చిన సమాచారాన్ని ఎవరిది వాళ్ళకు అందించే టాస్కు. ఇద్దరికీ చాలా ఎక్కువ ప్రాధాన్యం. షెడ్యూలర్ తన పని మొదలుపెట్టగానే ముందు ఒకటి చూసేది: పోయిన ట్రిప్పు పంపకాలు పూర్తయ్యాయా? కాకపోతే అది తీవ్రమైన లోపం కింద లెక్క. వెంటనే రీసెట్.

కింది మెట్టు మీద మూడో టాస్కు ఉంది, గాలి పీడనం, ఉష్ణోగ్రత లాంటివి చూసే వాతావరణ టాస్కు. తొందర లేని పని కాబట్టి తక్కువ ప్రాధాన్యం ఇచ్చారు. మధ్య మెట్ల మీద ఇంకా చాలా టాస్కులు ఉన్నాయి. పంపకందారుకూ వాతావరణ టాస్కుకూ మధ్య సమాచారం ఒక పైపు లాంటి ఏర్పాటు ద్వారా సాగేది. ఆ ఏర్పాటు లోపల ఒక తాళం ఉంది. ఒకరు లోపల ఉండగా మరొకరు వచ్చి అంకెలు కలగాపులగం చేయకుండా అన్నమాట. ఇలాంటి తాళాలను సెమాఫోర్ అంటారు. 1960లలో డైక్‌స్ట్రా అనే డచ్ శాస్త్రవేత్త రైల్వే సిగ్నల్ చేతి పేరునే దీనికి తీసుకున్నారు. రైల్వే కాలనీల్లో పెరిగినవాళ్ళు ఇంకో పోలిక చెప్పగలరు: సింగిల్ లైను సెక్షన్‌లోకి వెళ్ళే డ్రైవరుకు ఇచ్చే టోకెన్. టోకెన్ చేతిలో ఉన్న బండే లోపలికి వెళ్తుంది. అది తిరిగి వచ్చేదాకా ఎంత గొప్ప ఎక్స్‌ప్రెస్ అయినా బయటే ఆగాలి.

రీసెట్లు మొదలయ్యాక భూమి మీద ఇంజనీర్లు ఏం చేశారంటే, అచ్చు పాత్‌ఫైండర్ లాంటి కంప్యూటరునే ల్యాబులో పెట్టి, అంగారకుడి మీద ఆ రోజు ఏ పనులు చేయమన్నారో అవే పనులు దానితో మళ్ళీ మళ్ళీ చేయించారు. రికార్డరు కొత్తగా అమర్చవలసిన పని లేకపోయింది. అది ముందే ఉంది! వీఎక్స్‌వర్క్స్‌ను ఈ నౌక ప్రాసెసర్ మీదికి తెచ్చే రోజుల్లో వేరే ఏదో లోపం పట్టుకోవడానికని ఒక ఇంజనీరు ఆ రికార్డరును రాశాడు. తర్వాత దాన్ని పైపులకూ ఇంటరప్టులకూ విస్తరించారు. ఆ లోపం తీరిపోయాక కూడా తీసేయలేదు. రింగ్ బఫర్లో రాసుకుంటూనే నౌకతో పాటు అంగారకుడిదాకా వెళ్ళింది. పంపకాలు పూర్తికాలేదని షెడ్యూలర్ గమనిస్తే వెంటనే రికార్డరును ఆపి, అందులో ఉన్నదంతా బయటికి పంపాలన్న ఏర్పాటు కూడా ముందే రాసి ఉంది. నౌక మీద నుంచి ఆ రాతలు తెప్పించుకోవడం కుదరదని వాళ్ళకు తెలుసు. అయినా ప్రోగ్రాములో ఉంచారు. అందువల్ల ల్యాబులో నడిచినదీ అంగారకుడి మీద నడిచినదీ ఒకటే ప్రోగ్రాము, ఒక్క అక్షరం తేడా లేదు. మా బండి కథ విన్నారు కదా, ఇది ఎంత పెద్ద విషయమో మీకు వేరే చెప్పక్కర్లేదు.

18 గంటలు గడవకముందే ల్యాబులోని కంప్యూటరు కూడా రీసెట్ అయింది. ఆ ల్యాబులో ఉన్నవాళ్ళకు కంప్యూటరు చెడిపోవడం అంత సంతోషం ఎన్నడూ ఇచ్చి ఉండదని మా ఊహ. రికార్డరు ఆగింది. రాతలు చదివారు. అందులో జరిగిన కథ ఇది.

వాతావరణ టాస్కు తాళం తీసుకుంది. తన పని దాదాపు ముగించి తాళం తిరిగి ఇచ్చేయబోతోంది. సరిగ్గా అప్పుడే మధ్య మెట్టు టాస్కులు సిద్ధమయ్యాయి. వాటి ప్రాధాన్యం ఎక్కువ కాబట్టి కెర్నెల్ వాతావరణ టాస్కును ఆపేసి వాటిని ఎక్కించింది. తాళం మాత్రం ఆగిపోయినదాని చేతిలోనే ఉంది. ఈలోగా పంపకందారు వచ్చి తాళం అడిగింది. తాళం లేదు, ఎదురుచూడాలి. తాళం ఉన్నది కింది మెట్టు మీద. అది కదలాలంటే మధ్యవాళ్ళు ముగించాలి. మధ్యవాళ్ళకు ఈ గొడవ ఏమీ తెలియదు, తీరిగ్గా తమ పని చేసుకుంటున్నారు. 125 మిల్లీసెకన్లు గడిచాయి. షెడ్యూలర్ లేచి చూసింది. పంపకాలు కాలేదు. రీసెట్.

ఇందులో ఎవరి తప్పు ఉంది? విడివిడిగా చూస్తే ఎవరిదీ కాదు. అందరూ నియమం ప్రకారమే నడుచుకున్నారు. అందరికంటే ముందు ఉండాల్సినది మాత్రం వెనకబడింది. దీనికి ప్రాధాన్యం తలకిందులు కావడం అని పేరు.

మన ఇళ్ళలో ఇది జరుగుతుంది. నాన్నకు పోస్టింగ్ ఆర్డరు వచ్చింది, సామాను కట్టేశాం, పది గంటలకు ట్రక్కు వస్తుంది. నల్ల ట్రంకు పెట్టెల మీద తెల్ల రంగుతో పేరూ నంబరూ కొత్త ఊరి పేరూ రాయాలి. బ్రష్ ఒక్కటే ఉంది. అది తమ్ముడి దగ్గర ఉంది. తన బొమ్మల పెట్టె మీద తన పేరు రాసుకుంటున్నాడు, ఇంకో రెండు అక్షరాలు రాస్తే ఇచ్చేస్తాడు. అంతలో పక్క క్వార్టరు ఆంటీ వచ్చి, 'రారా బాబూ, మళ్ళీ ఎప్పుడు చూస్తామో' అని బ్రష్‌తో సహా వాడిని వాళ్ళింటికి తీసుకెళ్ళి ఇడ్లీ పెట్టింది. తర్వాత పై వాటాలో మామ్మగారు పిలిచారు. పెద్దవాళ్ళు పిలిస్తే తమ్ముడు వెళ్ళకుండా ఉంటాడా? వాళ్ళెవరూ నాన్నను ఆపలేదు. నాన్నకు తమ్ముడితో పని ఉందని కూడా వాళ్ళకు తెలియదు. కానీ నాన్న పెట్టెల మధ్య చేతులు కట్టుకుని నిలబడ్డారు. బయట ట్రక్కు హారన్ మోగింది.

దీనికి మందు ఏమిటి? నాన్నకు బ్రష్ కావాలని తెలియగానే, ఆ కాసేపటికి నాన్న తొందర తమ్ముడి తొందర అయిపోవాలి. 'ఆగండి ఆంటీ, నాన్నకు బ్రష్ ఇచ్చేసి వస్తా' అని వాడు ఆ రెండు అక్షరాలూ రాసేసి బ్రష్ ఇచ్చేస్తాడు. ఇచ్చేశాక మళ్ళీ మామూలు తమ్ముడే, ఎవరు పిలిస్తే వాళ్ళ దగ్గరికి వెళ్ళవచ్చు. కెర్నెల్‌లో దీన్ని ప్రయారిటీ ఇన్‌హెరిటెన్స్ అంటారు, ప్రాధాన్యం వారసత్వంగా రావడం. పై టాస్కు ఎదురుచూస్తున్నంతసేపూ తాళం పట్టుకున్న కింది టాస్కుకు పైదాని ప్రాధాన్యం వస్తుంది. 1990లో లుయి షా, రాజ్‌కుమార్, లెహోకీ అనే ముగ్గురు ఈ పద్ధతిని గణితంతో సహా ఒక పరిశోధనా పత్రంలో విడమరిచి చెప్పారు. 1997 డిసెంబరులో ఒక సదస్సులో పాత్‌ఫైండర్ కథ చెప్పినప్పుడు ఆ ముగ్గురూ అదే హాల్లో కూర్చుని ఉన్నారట.

వీఎక్స్‌వర్క్స్‌లో ఈ పద్ధతి ముందే ఉంది. తాళం తయారుచేసేటప్పుడు అది కావాలా వద్దా అని ఎంచుకోవచ్చు. పైపు లోపల ఉన్న ఆ ఒక్క తాళానికి మాత్రం అది లేదు. ఇంజనీర్లు నేరుగా తాము చేసిన తాళం కాదది, వ్యవస్థ తన అవసరానికి లోపల చేసుకున్నది. ఒక అంకె మారిస్తే సరిపోతుంది. కానీ వాళ్ళు వెంటనే మార్చలేదు. ఆ అంకె మారితే అదే తరహా తాళాలన్నీ మారతాయి. వేగం తగ్గుతుందా? ఇంకెక్కడైనా గడువు తప్పుతుందా? ల్యాబులో పరీక్షించి, వీఎక్స్‌వర్క్స్ చేసినవాళ్ళను అడిగి, అప్పుడు మార్పును అంగారకుడికి పంపారు. ఆ రీసెట్లు ఆగిపోయాయి. నెల రోజులకని పంపిన ల్యాండర్ సెప్టెంబరు 27 దాకా సమాచారం పంపుతూనే ఉంది.

మమ్మల్ని ఆలోచనలో పడేసిన సంగతులు ఇందులో రెండున్నాయి. ఈ రీసెట్ ప్రయోగానికి ముందు, భూమి మీద పరీక్షల్లో కూడా కనిపించింది. మళ్ళీ రప్పించాలని చూస్తే రాలేదు. ఇంజనీర్లు దాన్ని మరచిపోలేదు, చిన్న విషయమని కొట్టిపారేయలేదు, కానీ కారణం దొరకలేదు. పదోసారి మాత్రమే గోడను గుద్దే బండితో మూడు రోజులు వేగిన మాకు వాళ్ళ మీద కోపం రాలేదు. రెండోది ఇంకా విచిత్రం. అంగారకుడి మీద పరిస్థితులు అనుకున్నదానికన్నా బాగున్నాయి. సమాచారం పంపే వేగం ఊహించినదానికి మించింది, దాంతో శాస్త్రవేత్తలు ఇంకా ఎక్కువ పనులు చేయించారు. ఆ రద్దీలోనే మధ్యవాళ్ళు తాళానికి అడ్డం పడే అవకాశం పెరిగింది. చెడ్డ రోజు ఎలా ఉంటుందో పరీక్షించుకున్నవాళ్ళు, అంత మంచి రోజు వస్తుందని ఊహించి పరీక్షించుకోలేదు.

ఇక మా బండి. ఫ్రీఆర్‌టీఓఎస్‌లో టాస్కు మారినప్పుడల్లా మనం చెప్పిన పని చేసేలా చిన్న ఏర్పాట్లు ఉంటాయి, వాటిని ట్రేస్ మాక్రోలు అంటారు. మాలో ఒకడు వాటి సంగతి చదివి, మాకోసం 512 నమోదుల రింగ్ బఫర్ రాశాడు. కెర్నెల్‌ను కదిలించే ధైర్యం మాకు లేక, డిస్‌ప్లే టాస్కూ సెన్సరు టాస్కూ తీగలు తీసుకున్న చోటా వదిలిన చోటా మేమే గుర్తులు పెట్టాం. బండి ముందు బంపరుకు ఒక స్విచ్ బిగించి, అది గోడకు తగిలితే రాయడం ఆగేలా చేశాం. తర్వాత బండిని కావాలని గోడ వైపు పంపుతూ కూర్చున్నాం. పద్నాలుగోసారికి గుద్దింది. ఆ రోజు ల్యాబులో చప్పట్లు విని పక్క తరగతి టీచరు వచ్చి చూసి వెళ్ళారు.

అంకెలు కాగితం మీద వరసగా రాసుకుంటే విషయం తేలిపోయింది. సెన్సరుకూ డిస్‌ప్లేకూ మేము ఒకే జత తీగలు వాడాం. డిస్‌ప్లే మీద బొమ్మ మొత్తం మార్చాలంటే 1024 బైట్లు పంపాలి. మా తీగల వేగానికి దానికి దాదాపు 100 మిల్లీసెకన్లు పడుతోంది. అంతసేపూ సెన్సరు టాస్కు తీగల కోసం నిలబడుతోంది. సెకనుకు 60 సెంటీమీటర్లు పోయే బండి ఆలోగా 6 సెంటీమీటర్లు గుడ్డిగా వెళ్ళిపోతోంది. గోడ దగ్గరికి వచ్చిన సమయానికే డిస్‌ప్లే కూడా మారుతుంటే గుద్దుతుంది, లేకపోతే లేదు. మేము ప్రింట్ వాక్యాలు పెట్టింది డిస్‌ప్లే టాస్కులోనే కాబట్టి అది నెమ్మదించి, తీగలు పట్టుకోవడం తగ్గి, గుద్దడం అరుదైంది. పాత్‌ఫైండర్‌లో జరిగినంత మెలిక ఇందులో లేదు, మధ్యవాళ్ళెవరూ లేరు. తాళం ఎక్కువసేపు పట్టుకోవడమే మా తప్పు. ప్రాధాన్యం వారసత్వం పెట్టినా ఇది తీరదు, ఎందుకంటే డిస్‌ప్లే టాస్కును ఎవరూ ఆపడం లేదు, దాని పనే పొడుగ్గా ఉంది. బొమ్మను చిన్న ముక్కలుగా పంపి, ప్రతి ముక్క తర్వాత తీగలు వదిలేలా మార్చాం. ప్రదర్శన రోజు బండి ఒక్కసారీ గుద్దలేదు.

రింగ్ బఫర్‌ను మాత్రం తీసేయలేదు. ఇప్పటికీ ఆ బండిలో రాసుకుంటూనే ఉంది. దాన్ని రాసిన మా స్నేహితుడు మార్చిలో టీసీ తీసుకుని వెళ్ళిపోయాడు, వాళ్ళ నాన్నగారికి జోర్హాట్ వేశారు. వెళ్ళేముందు ఏ నంబరు అంటే ఏ సంఘటనో ఒక కాగితం మీద రాసి ల్యాబు బీరువా తలుపు లోపల అతికించాడు. 1 నుంచి 9 దాకా ఉన్నాయి. 7 పక్కన ఏమీ రాయలేదు. నిన్న బండి రాతల్లో 7 కనిపించింది. ఈ ఆదివారం ఫోన్ చేసి అడగాలి.